ఏ ఆటకు ఆ పిడి

8 నవంబర్ 1987, ఆదివారం

శారద షాపుకు ఈరోజు ఒక్క నరపురుగు రాలేదు. కలకత్తాలో క్రికెట్ ఫైనల్ అట. మన జట్టు అందులో లేదు. అయినా జనగామలో టీవీ ఉన్న ప్రతి ఇంటి గుమ్మంలో ముప్పై జతల చెప్పులు. చుట్టం కానివాడి పెళ్లికి కూడా పోయి మొదటి పంక్తిలో కూర్చునే జనం మనది.

శారద మూడు ఆటపెట్టెలనూ తుడిచింది. తుడిచినవాటినే మళ్లీ తుడిచింది. నా మనుమరాలని కాదు గాని, దుమ్మును అంత కోపంగా చూసే మనిషిని నేనింకొకరిని ఎరుగను.

అన్నాల దగ్గర దామోదర్ తన మాట చెప్పాడు. నా కొడుకు ముఖ్యమైన మాట చెప్పే ముందు చెయ్యి కడుక్కుంటాడు. చెప్పగానే లేచిపోవడానికి వీలుగా ఉంటుంది.

"ఇరవై తొమ్మిదిన రేగొండ పెద్దమనుషులు వస్తున్నరు. శ్రీపాల్ గుడ వస్తడు. అప్పటికి నీ షాపు నిలబడితె నేను నోరు మెదప. నిలబడకపోతె నువ్వు నీ మొగనితోని పోవాలె. ఇంతే."

శారద పెరుగు కలుపుకుంటూ "సరే బాపు" అంది. ఉగాది తెల్లారి ఒక్క సంచితో రేగొండ బస్సు దిగినప్పుడూ ఇంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

ఇందులో నాకు సంబంధం లేదు. అరవై ఆరేండ్లు వచ్చాయి. ముప్పై ఒక్క ఏండ్లు బడుల్లో తెలుగు చెప్పాను. పింఛను మొదలైనప్పటి నుంచి ఈ ఇంట్లో వాళ్లకు చెప్పబోయి, మానేశాను. రాసిపెట్టుకుంటున్నాను, అంతే.

10 నవంబర్

నిన్న షాపుకు పోయాను. ఆడలేదు. చూశాను.

స్టేషన్ నుంచి వచ్చే దారిలో, సత్తమ్మ మిరపకాయ బజ్జీల బండి వెనుక ఉంది. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో 'వీడియో గేమ్స్'. లోపల బీరువాలంత పెట్టెలు మూడు, ఒక్కోదానికి టీవీ మొఖం. హన్మకొండలో శారదతో చదువుకున్న పిల్ల వాళ్ల అన్న షాపు ఎత్తేస్తూ ఈమెకు అప్పజెప్పాడు. ఒక్కోదానికి ఏదో ఇంగ్లీషు పేరుంది. నేను నా పేర్లు పెట్టుకున్నాను. పైన ఇటుకల గోడ, కింద బ్యాటు, నడుమ బంతి ఎగిరేది ఇటుకలది. నోరు తెరుచుకున్న ముద్ద ఒకటి ఇరుకు సందుల్లో చుక్కలు మింగుతూ దయ్యాలకు దొరకకుండా ఉరికేది సందులది. మూడోది విమానాలది.

విమానాలదాని దగ్గర మాత్రమే కాలేజీ పిల్లలు. మిగతా రెండింటి మీద తువ్వాలలు ఆరేసుకోవచ్చు.

"ఇటుకలది మంచి ఆటనే అవ్వా. హన్మకొండల లైను కట్టి ఆడెటోళ్లట" అంది శారద. "ఈడికొచ్చినంక ఏం పుట్టిందో దానికి. పోరగాండ్లు ఒక్కసారి ఆడి, కాలితోని తన్ని పోతున్నరు."

"తెచ్చేటప్పుడు ఏమన్న మార్చినవా?"

"పిడిలన్ని అరిగినయని సికింద్రాబాద్ మెకానిక్ వచ్చి కొత్తయి పెట్టిండు. మూడిటికి ఒక్కటే రకం పెడ్త మేడం, ఖరాబైతె ఒకదాంది ఇంకోదానికి వెయ్యచ్చు అన్నడు."

నిజమే, మూడింటికీ ఒకటే: నల్ల గుండు తలతో నిలువు కట్టె, పక్కన ఎర్ర మీట. చూడడానికి బడిపిల్లల యూనిఫారంలా ముచ్చటగా ఉంది.

11 నవంబర్

ఆడలేదు.

13 నవంబర్, శుక్రవారం

ఆడాను. పరీక్ష కోసం.

ఇటుకలదాంట్లో కట్టెను ఎడమకు నెడితే బ్యాటు ఎడమ గోడకు పోయి కొట్టుకుంటుంది. కుడికి నెడితే కుడి గోడకు. వదిలేస్తే నడుమకొస్తుంది. బంతి మాత్రం ఈ మూడు చోట్లూ తప్పించి అన్ని చోట్లా పడుతుంది. అటో ఇటో తప్ప, పని ఉన్నచోట నిలబడని మనుషులను చూశాను గాని బ్యాటును చూడడం ఇదే మొదలు.

పదకొండు ఆటలు పరీక్షించాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. లాంతరు ముట్టించి చెవి తిప్పాను. వత్తి రవ్వంత లేచింది. ఇంకో రవ్వ తిప్పాను, పొగ వచ్చింది. వెనక్కి తిప్పితే సరిగ్గా కావలసినచోట నిలిచింది. నా చెయ్యి దాని మీదే ఆగిపోయింది.

కవ్వం పట్టే చెయ్యి వేరు, రోకలి పట్టే చెయ్యి వేరు. చేట పట్టుకుంటే మణికట్టు ఆడాలి, తిరుగలి పట్టుకుంటే భుజం ఆడాలి. రోకలితో మజ్జిగ చిలకమని కోడలికిచ్చి, వెన్న రాలేదని కోడలిని తిట్టే ఇండ్లున్నాయి. ఆ మెకానిక్‌ది అలాంటి ఇల్లయి ఉంటుంది.

14 నవంబర్

శారదకు లాంతరు చూపించాను. చెవి పట్టుకుని తిప్పమన్నాను. తిప్పింది. నా మొఖం చూసింది. మళ్లీ తిప్పింది.

"ఇటుకలదానికి కట్టె కాదు, గిట్ల తిప్పే గుండీ ఉండాలె" అంది.

"నేనేమనలేదు."

"షాపుతోని నీకు సంబంధం లేదన్నవ్ గద అవ్వా?"

"లేదు. లాంతరుతోని ఉన్నది."

నవ్వింది. ఉగాది తర్వాత ఇంట్లో ఆ చప్పుడు వినడం మొదటిసారి. నేను వినలేదన్నట్టు వంటింట్లోకి పోయాను.

15 నవంబర్, ఆదివారం

ఇద్దరం స్టేషన్ ఘన్‌పూర్ పోయి రేడియో మెకానిక్ రాజలింగును పట్టుకున్నాం. నెల్లికుదురులో నా దగ్గర చదివాడు. చదివాడు అనడం మర్యాద. నన్ను చూడగానే చేతిలోని బీడీ తనదే కాదన్నట్టు చూశాడు.

"టీచరమ్మా, మీరు నన్ను మూడుసార్లు తప్పిచ్చిన్రు."

"నాలుగోసారి పాసయితివి గద."

"నాలుగోసారి మీకు బదిలైంది."

రేపు వచ్చి పెట్టె విప్పి చూస్తానన్నాడు. తప్పించినందుకు కక్ష పెట్టుకోలేదు. నేను వాణ్ణి మళ్లీ తప్పించగలననే భయం ఇంకా ఉన్నట్టుంది. అది మంచిదే.

17 నవంబర్

రాజలింగు రెండు రోజులుగా పెట్టెలో తల దూర్చి ఉన్నాడు. లోపల మూడు తీగల కోసం ఒక చోటు ఉందట. మొదట్లో అక్కడ గుండీనే ఉండేదట. రేడియో శబ్దం పెంచే గుండీకీ మూడు తీగలేనని, పాత రేడియోది ఒకటి ఊడబీకి బిగించాడు.

బ్యాటు కదిలింది, ఎక్కడంటే అక్కడ నిలిచింది. శారద చప్పట్లు కొట్టింది. నేను కూర్చుని చూపిస్తాను చూడమని మొదలుపెట్టాను. ఎడమ సగంలో బ్యాటు గర్భిణిలా నడుస్తోంది. నడుమ దాటగానే పోలీసును చూసిన దొంగలా ఉరుకుతోంది. గుండీ ఒకటే, నా చెయ్యి ఒకటే.

రాజలింగు తల గోక్కుని, గోక్కుని, తన నుదురు తానే కొట్టుకున్నాడు.

"చెవి కోసం చేసిన గుండీ టీచరమ్మా ఇది. మన చెవికి సన్న సప్పుడుల జర పెంచినా తెలుస్తది, పెద్ద సప్పుడుల మస్తుగ పెంచితె గని తెల్వది. అందుకని దీన్ని మొదలు మెల్లగ, ఎనుక జోరుగ పెరిగేటట్టు చేస్తరు. కంటికి గిట్ల పనికిరాదు. సమంగ తిరిగేది కావాలె."

"అది యాడ దొరుకుతది?"

"టీవీల వెలుగు పెంచేది ఉంటది గద, అది సమంగ తిరుగుతది."

వీణ్ణి మూడుసార్లు తప్పించినందుకు మనసులో కొంచెం నొచ్చుకున్నాను. పైకి చెప్పలేదు.

18 నవంబర్

టీవీ గుండీ వచ్చింది. సమంగా తిరుగుతోంది.

ఆడాను. ఎన్నిసార్లో రాయను.

20 నవంబర్, శుక్రవారం

ఇటుకలదాని దగ్గర నిన్న ఆరుగురు నిలబడ్డారు, ఈరోజు లెక్కపెట్టలేదు. ఆడేవాళ్లు వేళ్లతో గుండీ తిప్పుతూ ఊపిరి బిగబట్టుకుంటారు. విమానాలది ఆడేవాళ్లయితే ఒళ్లంతా ఊపుతారు, కట్టెతో పాటు వాళ్లూ వంగుతారు. ఏ పిడి పట్టుకున్నాడో వీపు వెనుక నుంచే చెప్పగలను ఇప్పుడు.

సందులది ఇంకా మొండికేస్తోంది. ముద్ద మూల తిరగవలసినచోట ఆగిపోతుంది, దయ్యం మింగుతుంది. తప్పు పట్టింది నేను కాదు, సత్తమ్మ. బజ్జీలు వేగుతుండగా గడప మీద నిలబడి చూసి అంది:

"గా కట్టె ఎన్ని దిక్కులకు పోతది బిడ్డా?"

"ఎనిమిది" అంది శారద. "నాలుగు సక్కగ, నాలుగు మూలలకు."

"సందులెన్ని దిక్కులకున్నయి?"

శారద నా మొఖం చూసింది. నేను సత్తమ్మ మొఖం చూశాను.

"నాగలికి కట్టిన ఎద్దుకు నాలుగు దిక్కులే చూపాలె. ఎనిమిది చూపిస్తె యాడికి పోవాల్నో తెల్వక మూల మీద నిలవడ్తది" అని పోయి బజ్జీలు తిప్పుకుంది.

రాజలింగు రేకు ముక్కలో కూడిక గుర్తులా రంధ్రం కోసి కట్టె మొదట్లో బిగించాడు. ఇప్పుడది పైకీ కిందికీ, ఎడమకూ కుడికీ తప్ప కదలదు. ముద్ద మూలలు కోసుకుంటూ ఉరుకుతోంది. ఆ ఉషారులో వాడు విమానాలదానికీ అలాంటి రేకే బిగించాడు. ఏటవాలుగా తప్పించుకోవలసిన విమానం మెట్లు దిగే ముసలిదానిలా దిగసాగింది. కాలేజీ పిల్లలు గోల పెట్టారు. బాగున్నదాన్ని బాగుచెయ్యకురా అని చెప్పి, తీయించాను.

21 నవంబర్

సత్తమ్మకు మెచ్చుకోలుగా "నీకు సదువొస్తే కలెక్టరువయ్యేదానివి" అన్నాను. ఆమె బజ్జీల పిండి కలుపుతూ, పిండితోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"నా కాయితం గుడ నువ్వే రాసినవ్ గద టీచరమ్మా. పన్నెండేండ్లాయె. మా ఆయన కొడుతుంటె పుట్టింటికొస్తి. పంచాయితి పెట్టి మల్ల పొమ్మన్నరు. నాకు సదువు రాదు గని, నీ దస్తూరి మంచిగుండె. ముత్యాలు పేర్చినట్టుండె."

పిండిలో ఇన్ని నీళ్లు పోసింది.

"అండ్ల రాజీఖుషీగ అని రాసినవట. గదేందని మా అన్ననడిగిన. నువ్వు ఇష్టపడి, సంబురంగ పోతున్నవని అర్థం అన్నడు. నేనెప్పుడు ఇష్టపడ్డనే అనుకున్న." ఉప్పు వేసింది. "పోయిన లే. ఆయన గుడ పోయిండు ఇప్పుడు."

బజ్జీలు కట్టి ఇచ్చింది. తినలేదు. కారం ఎక్కువని కాదు.

22 నవంబర్, ఆదివారం

ఈ చుట్టుపక్కల పంచాయితీ ఏది జరిగినా కాయితం రాయడానికి నన్ను పిలుస్తారు. తప్పులుండవు, కొట్టివేతలుండవు. నలభై, నలభై అయిదు రాసి ఉంటాను. నిజాం కాలం నుంచి ఉన్న మాట అది. 'రాజీఖుషీగా రాసి ఇచ్చిన కాయితం'. పెద్దమనుషులు చెబుతారు, నేను రాస్తాను. ఎవరి రాజీ, ఎవరి ఖుషీ అని ఎప్పుడూ అడగలేదు. రాసేవాళ్లు అడగరు.

చేతితో అబద్ధం రాయడం నాకు కొత్త కాదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి పోయిన పిల్లల పేర్లు పంపమని పైనుంచి తాఖీదు వస్తే, ఖాళీ బెంచీల ముందు కూర్చుని అందరికీ హాజరు వేశాను. ఆ అబద్ధం ఇప్పటికీ నాకు గర్వమే. ఆ మాట ఇక్కడెందుకు రాస్తున్నానో తెలియదు.

శారద రేగొండ నుంచి రాసిన రెండు ఉత్తరాలు నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. చదవలేదు.

మళ్లీ చదవలేదు అని రాయాలి.

24 నవంబర్

సోమనర్సయ్య వచ్చాడు, షాపు తనిఖీకి. పట్వారీ పని పోయి నాలుగేండ్లవుతున్నా ఆయనకు నడక మారలేదు. ఇరవై తొమ్మిదిన పంచాయితీలో పెద్ద ఈయనే.

"దామోదర్ బిడ్డె వీడియో నడుపుతున్నదని రేగొండల అనుకుంటున్నరక్కా. వీడియో అంటే..." అని గొంతు తగ్గించి చుట్టూ చూశాడు. "గలీజు సిన్మాలు గద."

అప్పుడర్థమైంది. ఊళ్లో వీడియో అంటే తలుపులేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి చూపించే సినిమాలు. బోర్డు మీద ఆ ముక్క చూసి ఏడు నెలలుగా జనం మా పిల్లను ఏమనుకుంటున్నారో పక్కనే ఉన్న నాకు తట్టలేదు.

"కూసోని చూడు సోమనర్సయ్యా. ఎంత గలీజుగ ఉన్నదో నువ్వే చెప్పు."

ఇటుకలదాని ముందు కూర్చోబెట్టి, గుండీ చేతికిచ్చాం. మొదటి బంతి పోయింది. రెండోది పోయింది. మూడో బంతికి ధోవతి సర్దుకున్నాడు. గంట తర్వాత ఆయన భార్య కబురు పంపితే, "వస్తున్ననని చెప్పు, ఇంక నాలుగు ఇటుకలే ఉన్నయి" అన్నాడు.

పోయేటప్పుడు చెప్పాడు: "మంచి పని నడిపిస్తున్నవ్ బిడ్డా. నేను జెప్త వాళ్లకు."

బోర్డు మీద 'వీడియో' చెరిపించి 'చేతి ఆటల అంగడి' అని రాయించాను. శారదకు నచ్చలేదు. కాలేజీ పిల్లలు నవ్వారు. నవ్వనీ.

27 నవంబర్, శుక్రవారం

మూడు పెట్టెలూ ఖాళీ లేవు. దామోదర్ రోడ్డు అవతల నిలబడి చాలాసేపు చూశాడు. లోపలికి రాలేదు. రాత్రి అన్నాల దగ్గర చెయ్యి కడుక్కోలేదు, ఏమీ చెప్పలేదు.

షాపు నిలబడింది. ఎవరూ కాదనలేరు.

28 నవంబర్

నిలబడింది.

29 నవంబర్, ఆదివారం

వరుసగా రాస్తాను.

పది గంటలకు వచ్చారు. రేగొండ నుంచి ఇద్దరు పెద్దలు, శ్రీపాల్. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. నాకు వంగి దండం పెట్టాడు. వసారాలో బల్లలు వేశాం. నాకు ఎప్పటిలాగే చిన్న మేజా, కాయితాలు, కలం. శారద లోపలి గదిలో ఉంది. తలుపు తీసే ఉంది.

మొదట సోమనర్సయ్య చెప్పాడు. షాపు చూశాడట, గలీజు ఏమీ లేదట, మర్యాదస్తులు ఆడే ఆటలేనట. మాట నిలబెట్టుకున్నాడు. నేను దామోదర్ వైపు చూశాను. ఇప్పుడు నోరు మెదపనన్నాడు కదా. మెదపలేదు.

రేగొండ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"షాపు మంచిగ నడుస్తున్నదంటె సంతోషం. నడిచే షాపును ఎవలన్న నడుపుతరు. ఆడపిల్లనే ఉండాల్నని ఏమున్నది? కాపురం మాత్రం ఆమెనే చెయ్యాలె."

అందరూ తలలూపారు. సోమనర్సయ్య కూడా ఊపాడు. నా కొడుకు నోరు మెదపనన్న మాటను ఎంత గట్టిగా నిలబెట్టుకున్నాడంటే, బిడ్డ తరఫున కూడా మెదపలేదు.

ఇరవై రోజులు నేను గుండీలు, రేకులు, తీగలు చూసుకున్నాను. పరీక్ష అదే అనుకున్నాను. ప్రశ్నపత్రమే వేరు.

"తప్పు అయింది అనుకోండ్రి" అన్నాడు శ్రీపాల్. "ఇగ కాదు."

"ఏం తప్పు?" అన్నాను.

"గదే... కొత్తల... అందరిండ్లల్ల అయ్యేదే గద అమ్మమ్మా."

"నేను అమ్మమ్మను కాను. నాయనమ్మను."

సోమనర్సయ్య "అక్కా, రాయి" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఏళ్ల అలవాటు, నా చెయ్యి దానంతటదే కదిలింది. తేదీ రాశాను. ఊరు రాశాను. "శారద అను నేను, నా భర్త అయిన శ్రీపాల్ వెంట, పెద్దమనుషుల సమక్షంల, రాజీఖుషీగ..."

"ఆగు" అన్నాను.

"ఏమైందక్కా, సిరా అయిపోయిందా?"

"సిరా ఉన్నది. 'నేను' అన్నవ్ గద సోమనర్సయ్యా. ఎవరా నేను? నువ్వా?"

"నేనెందుకైత? శారద."

"ముప్పై ఒక్క ఏండ్లు ఇదే పాఠం చెప్పిన. 'నేను' అనే మాట మాట్లాడే మనిషిది. చెప్పేది నువ్వు, రాసేది నేను. ఆ మనిషి నోరే ఇంతవరకు ఇనపడలేదు. అడిగి రాస్త."

"ఆడపిల్లనెందుకు నడుమల తెస్తవ్?"

"నడుమల ఉన్నదే ఆమె. మనమే చుట్టూ ఉన్నం."

శ్రీపాల్‌ను ముందు అడిగాను. రాజీయేనా అంటే అవునన్నాడు. ఖుషీయేనా అంటే అవునన్నాడు. అలాగే రాశాను, వంక లేకుండా. తర్వాత శారదను పిలిచాను. వచ్చి గడప దగ్గర నిలబడింది. తల దించుకోలేదు. 

"రాజీయేనా బిడ్డా?"

"రాజీ లేదు."

"ఖుషీయేనా?"

"ఖుషీ లేదు. పొలం కాడికి పోయినప్పుడల్లా నన్ను లోపట పెట్టి బయట గొళ్లెం పెడ్తడు. అడిగితె కొడ్తడు. ఒకసారి పెండ్లికని పోయి రెండు దినాలకొచ్చిండు. కుండల నీళ్లు మొదటి దినమే అయిపోయినయి." శ్రీపాల్ వైపు చూడలేదు. నా వైపు చూసింది. "అవ్వకు తెలుసు. రాసిన."



ఇరవై రెండున రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. రెండు ఉత్తరాలూ చదివాను, వచ్చినరోజే చదివాను. మొదటిదానికి జవాబు రాశాను. 'కొత్త కాపురం, నీ మీద ప్రేమ ఎక్కువై ఉంటుంది, సర్దుకో' అని రాశాను. ముత్యాల్లాంటి దస్తూరితో. రెండోదానికి జవాబే రాయలేదు. ఆ సంబంధం కుదిర్చిన మాట నాది. మాట పోతుందని నాకు భయం. పిల్ల పోతుందని లేదు.

ఇదే మాట వాళ్ల ముందు చెప్పాను. ఇంత బాగా చెప్పలేదు. నడుమ రెండుసార్లు ఆగాను. దామోదర్ మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు నాకు దక్కవలసిందే, తీసుకున్నాను.

తర్వాత కాయితం పూర్తిచేసి పైకి చదివాను: "శ్రీపాల్‌కు రాజీ ఉన్నది, ఖుషీ ఉన్నది. శారదకు రాజీ లేదు, ఖుషీ లేదు. గొళ్లెం పెట్టినందున, కొట్టినందున పోనని ఆమె నోటితో చెప్పినది. ఇద్దరినీ అడిగి రాసినది, అరుంధతి." సంతకం పెట్టాను.

"గిది కాయితమేనా?" అన్నాడు రేగొండ పెద్దమనిషి.

"నలభై ఏండ్లల్ల నేను రాసిన మొదటి కాయితం. ఇంకో నకలు రాసిస్త, తీస్కపోండ్రి."

"మేం వేరేటోళ్లతోని రాయించుకుంటం."

"రాయించుకోండ్రి. పిల్ల ఇక్కడనే ఉంటది, వచ్చి అడుగుమనండ్రి."

శ్రీపాల్ లేచి శారద వైపు ఒక్క అడుగు వేశాడు. ఏమనబోయాడో తెలియదు. దామోదర్ కూడా లేచాడు. అడ్డం రాలేదు, అరవలేదు. ఆ అడుగు పడబోయేచోట నిలబడ్డాడు, అంతే. చాలింది.

వాళ్లు భోజనాలు చేయకుండానే పోయారు. ఇరవై మందికి వండిన అన్నం. సత్తమ్మను పిలిచాను, రాజలింగుకు కబురు పెట్టాను. శారద కూర్చుని రెండుసార్లు కూర వేయించుకుంది. నాతో మాట్లాడలేదు. ఉప్పు అందించమంటే అందించింది. ఈరోజుకు అంతకంటే ఆశ పడను.

అందరూ పోయాక దామోదర్ మెల్లగా అన్నాడు: "మంచిగనే చేసినవ్ అమ్మా. గని ఇగ మన ఇంటి పిల్లను ఎవరడుగుతరు?"

"నేనడిగిన గద" అన్నాను.

30 నవంబర్

శారద ఎనిమిదికే షాపు తెరిచింది. నాకు చెప్పకుండా పోయింది.

పదింటికి సోమనర్సయ్య మనిషి వచ్చాడు. వచ్చే ఆదివారం ఇంకో పంచాయితీ ఉందట, మొగుడూ పెళ్లాలదే. కాయితానికి నన్నే పిలవమన్నాడట, దస్తూరి బాగుంటుందని.

వస్తాను, అడిగే రాస్తాను అని చెప్పి పంపాను.

సాయంత్రం దాకా తిరుగు కబురు రాలేదు. రాకున్నా పోతాను.